ఓబులమ్మ చేనని చెప్పి ఇచ్చిన మన్ను

ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఏళ్ళయింది. తింటే కూర్చుంటుంది, పడుకుంటే కూర్చుంటుంది. దాన్ని దింపడానికి ఈ కాగితం పట్టుకున్నాను. నా పేరు రాయను. రాయకపోయినా బలసముద్రం చుట్టుపక్కల వాళ్ళు నాలుగు వాక్యాలు చదివితే నేనెవరో చెప్పేస్తారు. చెప్పుకోనీ. మిగతావాళ్ళ పేర్లు మార్చాను.

ముందే చెబుతున్నాను, మీ జాలి కోసం రాయడం లేదు. చదివి ‘పాపం పెద్దావిడ’ అనుకునేట్టయితే ఇక్కడే ఆపేయండి. తెలిసి చేసిన పని ఇది. పట్టపగలు, మంచి బుద్ధిలో ఉండి, చేతులారా చేశాను.

నాకు అక్షరాలు వచ్చిందే చేను పోయాక. మా భూమి సోలారు కరెంటువాళ్ళకు లీజుకు ఇచ్చేశాక చేతులకు పని లేకుండా పోయింది. మా ఊళ్ళో బడి కన్నడం. మా కోడలు మడకశిర వైపు పిల్ల, తెలుగు బడిలో చదువుకుంది. ఊరికే కూర్చుని అందరినీ సతాయిస్తున్నానని ఒక పలక తెచ్చి నా ఒళ్ళో పడేసింది. అలా నేర్చుకున్నాను. అందుకని నా వాక్యాలు అక్కడక్కడ కుంటుతాయి. నేను చేసిన పనిలో మాత్రం ఏ కుంటూ లేదు, చక్కగా, ఎవరికీ అనుమానం రాకుండా చేశాను.

ఓబులమ్మ నా తోటికోడలు. మా ఆయన తమ్ముడి భార్య. మరిది బోరు లారీ మీద పనికి పోయి, దాని మీద నుంచి పడి చనిపోయాడు. పిల్లలు లేరు. అప్పటికి ఓబులమ్మకు ముప్పై కూడా నిండలేదు. పుట్టింటికి పొమ్మన్నారు, పోలేదు. అన్నదమ్ములు పంచుకున్న చేనులో తన వంతు తానే దున్నించుకుని, విత్తుకుని, గొర్రెలు పెట్టుకుని బతికింది. మా చేనుకూ దాని చేనుకూ నడుమ ఒక్క గట్టు.

మా వైపు వానల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వేరుశనగ విత్తుతాం. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తుంది. వాన బాగా పడిన ఏడు వేరుపురుగు వస్తుంది. తెల్లగా, బొద్దుగా, కొడవలిలా వంగి భూమిలోపల ఉండి వేళ్ళు కొరికేస్తుంది. నిన్న పచ్చగా ఉన్న మొక్క ఈరోజు వాలిపోయి ఉంటుంది. పట్టుకుంటే వేరు లేకుండా చేతిలోకి వస్తుంది. అలాంటి చేలను ఎవరో వచ్చి లీజుకు అడిగితే ఇవ్వక ఏం చేస్తాం? ఇచ్చాం. అందుకు నేనేమీ ఏడవడం లేదు. పట్నం నుంచి కెమెరాలు పట్టుకుని వచ్చి “భూమి పోయింది కదమ్మా, బాధగా లేదా” అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ఒక్క పంటకాలం మా ఎండలో నడుం వంచి కలుపు తీసి, అప్పుడొచ్చి అడగండి.

ఆ లీజు దగ్గరే ఓబులమ్మ అడ్డం తిరిగింది. మా వరస చేలన్నిటికీ నడిమిన ఉన్నది దానిదే. నడిమి చేను ఆగితే మొత్తం వరసే వదిలేసి అవతలి వైపు తీసుకుంటారని ఊళ్ళో పుకారు. నిజమో కాదో నేను కనుక్కోలేదు. నమ్మడానికి ఆ పుకారే చాలింది. మా ఆయన చెప్పి చూశాడు. నేను చెప్పి చూశాను. “ఈ చేనులో నిలుచుకున్నంత సేపు నన్నెవురూ ఏమీ అడగరు, బావా” అనేది. అంతే దాని కారణం. ఇంత చిన్న కారణానికి ఇంత మందిని ఆపుతుందా అని నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆలోచిస్తే అది చిన్న కారణమేనా? మొగుడు లేని ఆడమనిషిని ఊళ్ళో అడుగడుగునా ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు. ఎక్కడికి, ఎందుకు, ఎవరితో. అప్పుడు నాకది తెలియలేదు. తెలుసుకోదలచుకోలేదేమో.

ఆ రోజుల్లోనే వనజ వచ్చింది. వ్యవసాయ కాలేజీలో పెద్ద చదువు చదివే పిల్ల. కోలారు వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. నిడుగల్లు కొండ కింది చేలల్లో, నాగలమడిక ఏటి ఒడ్డున, మా చేలల్లో మన్ను ఎత్తుకుపోతూ ఉండేది. మన్నెందుకమ్మా అంటే కూర్చుని విడమర్చి చెప్పింది. నేలలో కంటికి ఆనని నులిపురుగులుంటాయట. అవి వేరుపురుగును వెతుక్కుంటూ పోయి దాని ఒంట్లోకి దూరతాయట. అవి ఒక్కటే పోవు. వాటి కడుపులో ఒక బ్యాక్టీరియా ఉంటుంది, లోపలికి దూరాక దాన్ని కక్కుతాయి, వేరుపురుగును చంపేది అదేనట. చచ్చిన పురుగు ఇటుక రంగుకు తిరుగుతుంది. ఆ ఒంట్లోనే రెండూ తిని పెరిగి, పిల్ల నులిపురుగులు మళ్ళీ ఆ బ్యాక్టీరియాను కడుపులో పెట్టుకుని మన్నులోకి పోతాయి. పైకి అన్ని చేల నులిపురుగులూ ఒకేలా కనబడినా లోపలి బ్యాక్టీరియా చోటును బట్టి మారవచ్చని, ఒకే ఇంటిపేరు వాళ్ళు ఊరూరా చెదిరి ఒక్కో ఊళ్ళో ఒక్కో గుణం తెచ్చుకున్నట్టని, వాటి జీన్లు చూసి ఆ తేడాలు పట్టుకోవడమే తన పని అని చెప్పింది. తేనెతుట్టె మైనం తినే పురుగుల్ని ఎరగా డబ్బాలో వేసి, పైన మా మన్ను పోసి పెడుతుందట. నాకు నచ్చింది ఆ పిల్ల. నచ్చిన పిల్లనే మోసం చేశాను.

మొదటిసారి చేలు బీడుగా ఉన్నప్పుడు వచ్చింది. ఎవరి చేను మన్ను వాళ్ళే ఎత్తి ఇచ్చాం. కొన్ని నెలలకు తిరిగి వచ్చి, అందరి చేలల్లోనూ ఒక రకం బ్యాక్టీరియానే దొరికిందని, ఓబులమ్మ చేనులో మాత్రం వేరే రకం దొరికిందని చెప్పింది. పురుగు ఎర్రబడడంలోనే తేడా ఉందట. జీన్లు చూస్తే తాను చూసిన వేటితోనూ కలవలేదట. మా ఎండకూ, తడి పదును లేని మన్నుకూ తట్టుకునే రకమేమోనని వాళ్ళ సారు ఆశపడ్డాడట. మేమంతా గుళికల మందు చల్లేవాళ్ళం. ఓబులమ్మ ఎప్పుడూ చల్లలేదు, గొర్రెల మంద తోలించుకునేది, అంతే. అందువల్లనా, ఇంకెందువల్లనా, ఎవరికీ తెలియదు. కాకపోతే ఆ నులిపురుగులు కాలేజీలో పెంచేలోగా చచ్చిపోయాయట. అదే చేను నుంచి మళ్ళీ దొరకాలి. దొరికితే ఆ చేనును పరీక్షల కోసం కొన్నాళ్ళు వదిలిపెట్టమని తాను పైవాళ్ళకు రాస్తానని సారు అన్నాడట.

ఉత్త నోటి మాట. కానీ ఓబులమ్మకు అది చాలు. “నా చేనులో యాడా లేని రకం ఉండాది” అని కనబడిన ప్రతివాళ్ళకూ చెప్పింది. లీజు మాట ఎత్తితే “కాలేజీవాళ్ళు రానీ” అనేది. మా చేను పక్కనే, గట్టు ఒక్కటే, వాన ఒక్కటే. నాకు లేనిది దానికేముంది?

మళ్ళీ వనజ వచ్చేసరికి ముంగారు తొలకరి వాన పడి, మేము వేరుశనగ విత్తి ఉన్నాం. మొలకలు రెండాకుల మీద ఉన్నాయి. ఓబులమ్మ చెప్పులు గట్టు మీద విడిచి, కొంగు దోపుకుని చేనులోకి దిగబోయింది. నేను ఆపాను. ఆ రోజు మేం ముగ్గురం అనుకున్న మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు. రాస్తున్నాను.

“ఓబులీ, నిలుచుకో. విత్తనం పడిన చేను. నువ్వు మన్నెత్తితే ఎట్లమ్మే?” అన్నాను.

“ఏందక్కా? మొన్న ఎత్తితినే.”

“మొన్న బీడు. ఇప్పుడు లోపల విత్తనం ఉండాది. విత్తిన చేను మన్ను బయటోళ్ళకు ఇయ్యాలంటే ముత్తైదువ ఒడిలో పోసుకోని గట్టు దాటించల్ల. మన అత్త అట్లే చేసిందా లేదా?”

ఓబులమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది. “అత్త పోయి ఎన్నేండ్లాయ. ఈ చేనులో కలుపు తీసేది నేనే, గొర్రెల ఎరువు తోలించేది నేనే, కాయ పీకేది నేనే. అప్పుడు తెలీదా ఈ మన్నుకు, నేను ముండమోసినదాన్నని?”

వనజ నడుమ వచ్చింది. “అమ్మా, నాకట్లాంటి పట్టింపులేం లేవు. ఎవరెత్తినా ఒకటే.”

“నీకు లేకుంటే సరిపాయనా పాపా?” అన్నాను. “నువ్వు పావగడ బస్సెక్కి పోతావు. ఈ యేడు పంట పోతే ఈమె ఎవుర్ని అడగల్ల, నిన్నా?”

వనజ ఒక అడుగు వెనక్కి వేసింది. మా ఆచారాలను తప్పు పట్టిందని అనిపించుకోకూడదని ఆ పిల్ల భయం. ఓబులమ్మ కాసేపు మొలకల వైపు చూసింది. తర్వాత నవ్వింది. నవ్వు కాదది.

“సరే పోక్కా. నువ్వే ఎత్తు. జాగ్రత్త, నీ ముత్తైదువతనం ఏమన్నా అరిగిపోతాదేమో.”

అని చెప్పులు చేతిలో పట్టుకుని, వనజను తీసుకుని బాట మీదికి పోయి, చేనుకు వీపు పెట్టి ఆ పిల్లతో పాటు కూర్చుంది. ఆచారం ప్రకారం మన్నెత్తేటప్పుడు ఆ ముత్తైదువ తప్ప ఇంకెవరూ చూడకూడదు. అది గుర్తుంది దానికి. నేను సగం మరిచిపోయిన ఆచారాన్ని అది పూర్తిగా పాటించింది.

నడిమి గట్టు మీద పోయినేటి ఆముదం చెట్లు గుబురుగా ఉన్నాయి. వాటి వెనక్కి పోయి గట్టు దాటాను. నా చేనులో వంగాను. వనజ ఇచ్చిన చిన్న పారతో నాలుగు చోట్ల తవ్వి, ఒడి నింపుకుని, మళ్ళీ గట్టు దాటి ఓబులమ్మ చేనులో నుంచి నడిచి వచ్చాను. ఎంతసేపని? ఒక ఆకువక్క నమిలినంత సేపు.

వనజ సంచి మూతి తెరిచి పట్టుకుంది. ఒడి వదిలాను. మన్ను జారింది. చల్లగా, తడిగా, మంచి వాసన వేస్తూ.

“యాడాడ ఎత్తినావక్కా?” అంది ఓబులమ్మ.

“నాలుగు మూలలా ఎత్తినా. నడిమిన కూడా.”

“పల్లం దగ్గర ఎత్తినావా? ఆడే ఎక్కువ చస్తాండేది పురుగు.”

“ఆడే ముందు ఎత్తినా” అన్నాను.

ఇదీ నేను చేసింది. మన్ను మార్చడం ఒక తప్పు. దాన్ని మార్చడానికి దాని విధవతనాన్ని తీసుకుని దాని మొహాన కొట్టడం రెండోది. నిజం చెప్పనా? మొదటిదాని కంటే రెండోదే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది. మా ఊళ్ళో ఆ ఆచారం ఎవరూ పాటించడం లేదు అప్పటికే. మా అత్తతోనే పోయింది. నేను దాన్ని పాతిపెట్టిన చోటు నుంచి తవ్వి తీశాను, ఒక్క పూట వాడుకోవడానికి.

పంట ఎత్తే వేళకు వనజ వచ్చింది. ఓబులమ్మ ఇంటి గడప దగ్గర నిలబడి చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను. రెండోసారి మన్నులో అందరి చేలల్లో ఉన్న రకమే వచ్చిందట. అంటే మొదటిసారి తానే ఎక్కడో డబ్బాలు కలిపేసి ఉంటుందని సారు చీవాట్లు పెట్టాడట. ఆ రకం సంగతి తన పుస్తకంలో నుంచి తీసేయమన్నాడట. “నా చేతులే శుభ్రంగా లేవేమో అమ్మా, మీకు లేనిపోని ఆశ పెట్టాను” అని ఓబులమ్మ చేతులు పట్టుకుంది. ఓబులమ్మ ఆ పిల్లకే ధైర్యం చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపింది. నేను చూస్తూ నిలబడ్డాను. నోరు తెరవడానికి అదే సమయం. తెరవలేదు. సంతోషపడ్డాను కూడా. అది కూడా రాయాలి కదా.

కొద్ది రోజులకే ఓబులమ్మ లీజు కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆ వరసంతా సోలారుకు పోయింది. యంత్రాలు వచ్చి గట్లు చదును చేశాయి. పైమన్ను ఎటు పోయిందో, ఏ గుంతలో పడిందో ఎవరికి తెలుసు? ఆ బ్యాక్టీరియా అక్కడ ఇంకా ఉందో లేదో నాకు తెలియదు. వెతికేవాళ్ళు లేరు. లేదని ఒకసారి తేలిపోయింది కదా, నా వల్ల.

ఏళ్ళ తరబడి నాకు నేను చాలా చెప్పుకున్నాను. ఓబులమ్మ మన్నే ఇచ్చినా రెండోసారి దొరక్కపోయేదేమో. దొరికినా సారు మాటను ఎవరు లెక్కచేసేవారు? లీజు ఎలాగూ జరిగేది. మా ఆయన ఆరోగ్యం బాగా లేదు, మాకు అవసరం. ఇవన్నీ నిజాలే. ఏదీ అబద్ధం కాదు. కానీ ఇవన్నీ నిజమైతే నేను మన్ను మార్చాల్సిన పనేముంది? దొరకదనుకుంటే దాని మన్నే ఎత్తి ఇచ్చి ఉండొచ్చు కదా? దొరుకుతుందని నాకు తెలుసు. అందుకే మార్చాను. లీజు కోసం అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. రాస్తూ ఉంటే తెలుస్తోంది, లీజు సగమే. నా కంటే చిన్నది, మొగుడు లేనిది, పిల్లలు లేనిది, దాని చేనులో ఉన్నది నా చేనులో లేదంటే ఓర్చుకోలేకపోయాను.

తర్వాత మా ఆయనా పోయాడు. ఇప్పుడు నేనూ ముత్తైదువను కాను. చేసినదానికి శిక్ష పడిందని అనుకునేవాళ్ళు అనుకోండి. మా ఆయన బీడీలకు పోయాడు, మన్నుకు కాదు. దేవుడి లెక్కలు నాకు చెప్పొద్దు. అంత నిక్కచ్చిగా శిక్షలు వేసేవాడైతే ఓబులమ్మను ఎందుకు ముందు విధవను చేశాడు?

మరి ఇన్నేళ్ళు దాచినదాన్ని ఇప్పుడెందుకు రాస్తున్నాను?

ఓబులమ్మ ఇప్పుడు సోలారులోనే కూలికి పోతుంది. ఎండకు పరిచిన సోలారు పలకల కింద గడ్డి కోయడం, ఆ పలకలు కడగడం. ఒక్కోసారి పని దాని చేను ఉన్న చోటే పడుతుంది. గట్లు లేవు కాబట్టి ఏది ఎవరిదో పోల్చుకోలేం అంటుంది, కానీ తనది ఎక్కడో తనకు తెలుసు. ఈమధ్య ఎవరో కాలేజీ పిల్లలు కంచె పక్కన మన్ను ఎత్తడానికి వచ్చారు. కూలి ఆడవాళ్ళతో పాటు నేనూ అక్కడ నీడన కూర్చుని ఉన్నాను. తన చేను ఇక్కడే ఉండేదని ఓబులమ్మ అంటే, అందులో ఏమన్నా విశేషం ఉండేదా అని వాళ్ళు అడిగారు. ఓబులమ్మ నవ్వి, “నా చేనులో ఏముండాది నాయనా? మీయట్లోళ్ళే చూసి చెప్పినారు, ఉత్త మన్నని. నేనే పిచ్చిదాన్ని, ఊరంతా చెప్పుకోని తిరిగితి” అంది.

అందరూ నవ్వారు. దాంతో పాటు నేనూ నవ్వాను.

చేను పోతే పోయింది. నా చేనూ పోయింది. కానీ బతికినన్నాళ్ళూ అది తన మన్నును తానే తక్కువ చేసుకుని, తానే పిచ్చిదాన్నని చెప్పుకుని నవ్విస్తోంది. అది నా అబద్ధం. దాని నోట్లో నుంచి వస్తోంది.

కాబట్టి వినండి. ఆ సంచిలో పోసింది నా చేను మన్ను. ఓబులమ్మ చేను మన్ను ఎవరూ రెండోసారి చూడలేదు. వనజమ్మా, నువ్వెక్కడున్నావో తెలియదు, ఈ కాగితం నీదాకా వస్తుందో లేదో తెలియదు. నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి. నీ డబ్బాలు కలవలేదు. మీ సారుకు చెప్పు. నమ్మకపోతే నా దగ్గరికి పంపు, ఇంతకంటే పెద్ద గొంతుతో చెబుతాను.

రాయడం అయ్యాక అక్షరాలు సరిచూడమని కోడలికి ఇచ్చాను. పొయ్యి దగ్గర నిలబడి చదివింది. ఎసరు పొంగినా కదల్లేదు.

“అత్తా, ఇది నిజమా?” అంది.

“కథలు కట్టేంత చదువు నాకు యాడిదే?”

“చిన్నత్తకు తెలిస్తే ఈ గడప తొక్కదు.”

“తెలియాలనే కదా రాసింది.”

చింపేస్తుందేమో అనుకున్నాను. చింపలేదు. నా మొహం చూడకుండా మడిచి చేతికి ఇచ్చి, పొయ్యి వైపు తిరిగింది. కోడలికి నా మీద ఉన్న గౌరవం ఆ కాసేపట్లో ఎంత తగ్గిందో నాకు కనబడింది. కనబడనీ. ఇంతకాలం నాకొక్కదానికే తెలిసిన సంగతి ఇప్పుడు ఇంకొకరికి తెలుసు. ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది, అదీ దాచను.

ఓబులమ్మ పని దిగి మా ఇంటి ముందు నుంచే పోతుంది. పిలుస్తాను. కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను. కోడలితో చదివించను, కూడబలుక్కుంటూ అయినా నేనే చదువుతాను. ఏమంటుందో తెలియదు. ఏమన్నా పడతానని కూడా మాట ఇవ్వను. తిడితే తిరిగి తిట్టినా తిడతాను, నా నోరు అలాంటిది. క్షమించమని అడగను. అడిగితే అది నా కోసం ఇంకో పని చేసినట్టవుతుంది, చేసింది చాలు. దాని చేనులో ఏముండేదో మాత్రం అది వినాలి.

ఎదురుగా సోలారు గేటు తీశారు. ఆడవాళ్ళు బయటికి వస్తున్నారు. నీలం చీర కట్టుకున్నది, అందరికంటే వెనక వస్తున్నది, ఓబులమ్మే.